గొట్టం నిలబడే ఉంది, పురుగు ఉందా?

అక్వేరియంలో చేప చచ్చిపోతే వెంటనే తెలుస్తుంది. పైకి తేలుతుంది, లేదా ఏదో మూల ఒరిగి పడి ఉంటుంది. గొట్టంలో కాపురముండే సముద్రపు పురుగు చచ్చిపోతే మాత్రం ఏమీ తెలియదు. గొట్టం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే నిటారుగా నిలబడి ఉంటుంది. రెండు రోజులుగా దాని తల మీది కుచ్చు బయటికి రాకపోతే, ఏదో బెదిరి ఉంటుందిలే అనుకుంటాం. మూడో రోజు నీళ్లలో పాలచుక్క కలిపినట్టు మసక. నాలుగో రోజు మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన. నాకు మొదటిసారి ఇలా జరిగినప్పుడు నష్టం ఆ ఒక్క పురుగుతో ఆగలేదు, పక్కనున్న మూడు గొట్టాలూ ఖాళీ అయిపోయాయి.

పాఠం చెప్పడానికైనా, పరిశోధనకైనా ఈ పురుగులను పెంచడంలో ఉన్న చిక్కంతా ఇదే. కనిపించేది గొట్టం, బతకాల్సింది లోపలి ప్రాణి. అయితే ఆ గొట్టాన్నే చదవడం నేర్చుకుంటే ట్యాంకు అడుగున ఏం పరవాలి, నీళ్లు ఎలా ఉండాలి, ఏం తినిపించాలి అన్న ప్రశ్నలకు సగం జవాబులు అక్కడే దొరుకుతాయి. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు కదా, ఆ సామెత వీటికి సరిగ్గా అతుకుతుంది.

ఇవి వానపాముకూ జలగకూ చుట్టాలే. అనెలిడా వర్గంలో పాలికీట్లు అనే గుంపు. ఒంటికి రెండు పక్కలా పొట్టి కాళ్లలాంటి పార్శ్వపాదాలు, వాటి మీద శూకాలు, అంటే గట్టి వెంట్రుకలు ఉంటాయి. పాలికీట్లలో కొన్ని తిరుగుతూ వేటాడి బతుకుతాయి. మనం మాట్లాడుకునేవి మాత్రం ఒకచోట గొట్టం కట్టుకుని దాదాపు జీవితమంతా అందులోనే గడిపేస్తాయి. నత్తకు గుల్ల ఒంటికి అంటుకుని ఉంటుంది. వీటి ఒంటికీ గొట్టానికీ అలాంటి అతుకు లేదు, లోపల ముందుకూ వెనక్కూ హాయిగా జారుతుంటాయి. అందుకే ముట్టుకుంటే చాలు, కన్ను మూసి తెరిచేలోగా మాయమవుతాయి.

ఏ గొట్టానికి ఏ ట్యాంకు

గొట్టం దేనితో కట్టిందో చూడడం మొదటి పని. సర్ప్యులిడ్ కుటుంబం పురుగులు సున్నపు గొట్టం కట్టుకుంటాయి. రాళ్ల మీద, గుల్లల మీద తెల్లగా వంకరటింకరగా కనిపించేవి ఇవే. చాలావాటికి గొట్టం మూతికి బిగించుకునే బిరడా కూడా ఉంటుంది, లోపలికి ముడుచుకోగానే తలుపు వేసుకున్నట్టే. వీటికి నీళ్లలో కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు ఉండాలి, క్షారత నిలకడగా ఉండాలి, పీహెచ్ 8 కన్నా కిందికి దిగకుండా చూసుకోవాలి. పగడాల ట్యాంకు నడిపినవాళ్లకు ఈ లెక్కలన్నీ పాతవే.

సబెల్లిడ్లు, అంటే విసనకర్ర పురుగులు, మెత్తటి గొట్టం కడతాయి. శ్లేష్మంలో బురద రేణువులు కలిపి చేసిన ఆ గొట్టం రబ్బరు పైపులా వంగుతుంది. వీటిలో ఒకటైన సబెల్లా దాన్ని కట్టే తీరు లెన్సు పెట్టి చూడదగ్గది. తల మీది కుచ్చులో పడిన రేణువులను శైలికలు, అంటే కదిలే సన్నటి నూగు వెంట్రుకలు, పరిమాణం ప్రకారం మూడు రకాలుగా విడదీస్తాయి. బాగా పెద్దవి బయటికి పోతాయి. బాగా చిన్నవి నోట్లోకి వెళ్తాయి. మధ్యరకంవి నోటి కింద ఉన్న రెండు చిన్న సంచుల్లో చేరి శ్లేష్మంతో కలిసి ముద్ద అవుతాయి. ఆ ముద్ద నులకతాడులా బయటికి వస్తుంటే, పురుగు గొట్టంలోనే మెల్లగా గుండ్రంగా తిరుగుతూ దాన్ని మూతి అంచు చుట్టూ పేర్చుకుంటూ పోతుంది. మెడ దగ్గరున్న పట్టీలాంటి మడతలు తాపీమేస్త్రీ చెయ్యిలా దాన్ని అదిమి సర్దుతాయి. ఇదంతా తెలిశాక ఒక సంగతి అర్థమవుతుంది: అద్దంలా వడకట్టిన నీళ్లలో సబెల్లాకు తిండే కాదు, ఇటుకలూ కరువే. వారానికి ఒకసారి చిటికెడు మెత్తటి మట్టి కలిపితే గొట్టం అంచున లేతరంగు కొత్త పట్టీ మొలుస్తుంది. పురుగు క్షేమంగా ఉందనడానికి నాకు తెలిసిన గుర్తుల్లో అది ముఖ్యమైనది.

లానిస్ అనే పురుగు ఇసుక రేణువులనూ గుల్ల ముక్కలనూ ఏరి అతికిస్తుంది. పెక్టినేరియా అనే ఇంకో పురుగు గొట్టం ఐస్‌క్రీమ్ కోన్ ఆకారంలో ఉంటుంది. ఒక్క రేణువు మందంతో, మొజాయిక్ పనిలా రేణువు పక్కన రేణువు కుదిర్చి కడుతుంది. అది ఇసుకలో తలకిందులుగా ఉండి, సన్నటి కొసను మాత్రం పైకి పెడుతుంది. దాన్ని చూపించాలన్న ఆత్రంలో గొట్టంలోంచి బయటికి లాగొద్దు, మళ్లీ ఇల్లు కట్టుకోవడం దానికి దాదాపు అసాధ్యం. ఈ రెంటికీ ట్యాంకు అడుగున పది సెంటీమీటర్లయినా ఇసుక కావాలి. అది శుభ్రంగా కడిగిన కొత్త ఇసుక అయితే లానిస్ దాంట్లో ఆకలితో మాడుతుంది. దాని స్పర్శకాలు నేల మీద పాకించి ఏరుకునేది, ఇసుకకు పట్టిన సేంద్రియ పదార్థాన్నే.

నీళ్ల సంగతి

ఇక్కడ కొత్తగా చెప్పేది తక్కువే. లవణీయత లీటరుకు 35 గ్రాముల దగ్గర ఉండాలి. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆలోగా పురుగులు తేవొద్దు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోస్తూ పోతే నెల తిరిగేసరికి ట్యాంకు ఊరగాయ జాడీ అవుతుంది. చేపల జబ్బులకు వాడే రాగి మందులు వెన్నెముక లేని జీవులకు విషం. ఆ మందు ఒకసారి వాడిన ట్యాంకును ఈ పనికి వాడకపోవడమే మంచిది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. గొట్టం లోపలున్న ఒంటికి అవసరమైన ఆక్సిజన్ చాలావరకు గొట్టంలో పారే నీటిలోంచే రావాలి. ఆ నీటిని ఒళ్లు ఆడించో, శైలికలతోనో పురుగే పారిస్తుంది. ట్యాంకులో ఆక్సిజన్ తగ్గితే చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది, పురుగుకు ఆ దారి లేదు. ముందు కుచ్చు బాగా బయటికి చాపుతుంది, తర్వాత సగం ఒళ్లు బయటపెడుతుంది, చివరికి ఇల్లు వదిలేస్తుంది. గొట్టం బయట పడి ఉన్న పురుగు కనిపిస్తే దాన్ని తిరిగి లోపలికి దూర్చే ప్రయత్నం తర్వాత, ముందు నీళ్లు పరీక్షించాలి. విసనకర్ర పురుగు కుచ్చునే తెంపి పారేసినా అదే మొదటి అనుమానం. తెగిన కుచ్చు కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది కాబట్టి కుచ్చు లేని గొట్టాన్ని చచ్చిందని తీసి పడేయకూడదు.

మరి బతికుందో లేదో ఎలా తెలుస్తుంది? నాకు బాగా పనికొచ్చినది ఒక చుక్క రంగు. విషం కాని రంగునో, చిక్కటి ఆల్గే (కంటికి కనపడనంత చిన్న నాచు) నీళ్లనో పిపెట్‌తో తీసుకుని, మోటారు ఆపి, గొట్టం మూతికి అంగుళం దూరంలో మెల్లగా వదలాలి. లోపల పురుగు బతికుంటే కాసేపటికి ఆ రంగు ఒక దారంలా సాగి లోపలికి పోతుంది, లేదా మూతి దగ్గర బయటికి నెట్టుకుపోతుంది. అటూ ఇటూ కదలకుండా మబ్బులా అక్కడే విడిపోతే టెన్షన్ పడాల్సిందే. పురుగు కాసేపు నీళ్లు పారించడం ఆపి విశ్రాంతి తీసుకోవడమూ మామూలే కాబట్టి, గంట గంటకూ మూడు నాలుగుసార్లు చూశాకే తీర్పు చెప్పాలి. మూతి దగ్గర కొత్త మలం గుళికలున్నాయా, గొట్టం మీద నల్లటి మచ్చలు పాకుతున్నాయా అన్నవీ చూడాలి. నలుపు వచ్చిందంటే లోపల ఆక్సిజన్ లేకుండా ఏదో కుళ్లుతున్నట్టే.

తిండి: ఎక్కువైతే ఒక బాధ, తక్కువైతే ఇంకో బాధ

కొన్న ఆరు నెలలకు పోయిన విసనకర్ర పురుగుల్లో చాలావరకు ఆకలితోనే పోయి ఉంటాయని నా నమ్మకం. ఆకలి చావు చాలా నిదానంగా వస్తుంది. కుచ్చు రోజూ విచ్చుకుంటూనే ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ నెలకింత చొప్పున చిన్నదవుతూ వస్తుంది. పక్కన స్కేలు పెట్టి నెలనెలా ఫోటో తీసి పెట్టుకుంటే తప్ప ఆ తేడా కంటికి ఆనదు.

వడపోసుకుని తినే పురుగులకు కావాల్సింది సూక్ష్మ ఆల్గే. ఐసోక్రైసిస్ అనే రకం కణం 5, 6 మైక్రాన్లుంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), నానోక్లోరోప్సిస్ 2, 3 మైక్రాన్లే, టెట్రాసెల్మిస్ పది మైక్రాన్లు దాటుతుంది. ఒకటే రకం పోయడం కన్నా రెండు మూడు పరిమాణాలు కలిపి ఇవ్వడం మేలు. ల్యాబులో వీటిని పెంచడానికి అందరూ వాడే ఎఫ్/2 ద్రావణం రాబర్ట్ గిలార్డ్ రూపొందించినది. సీసాలో ఆల్గే పెంచడం రాకుండా ఈ పురుగులను పెంచాలనుకోవడం, మేత సంగతి చూసుకోకుండా బర్రెను తోలుకొచ్చినట్టే.

ఎంత పోయాలి అన్నదానికి కంటి కొలత ఒకటుంది. పోసిన వెంటనే నీళ్లకు లేత ఆకుపచ్చ ఛాయ రావాలి, కొన్ని గంటల్లో అది విరిగిపోవాలి. మర్నాటికీ పచ్చగానే ఉంటే పోసింది ఎక్కువ, లేదా తినేవాళ్లు తినడం లేదు. తినిపించేటప్పుడు ఫిల్టరూ, నురగ తీసే స్కిమ్మరూ గంటో రెండు గంటలో ఆపాలి. లేకపోతే మనం పెట్టిన భోజనం పురుగు కన్నా ముందు అవే లాగించేస్తాయి. నీళ్లు కదిలించే మోటారు మాత్రం ఆగకూడదు. నీళ్లు కదలకపోతే తిండి అడుక్కి దిగిపోతుంది.

లోపల ఏం జరుగుతోంది

తరగతిలో పిల్లలకు గొట్టం చూపించి 'లోపల పురుగుంది, నమ్మండి' అంటే ఎవరికీ ఎక్కదు. దీనికి మంచి విరుగుడు కీటాప్టెరస్ అనే పురుగు. ఇది బురదలో యూ ఆకారంలో, పార్చ్‌మెంటు కాగితంలాంటి గొట్టం కట్టుకుంటుంది. రెండు కొసలూ పైకి తేలి ఉంటాయి. తన గొట్టానికి సరిపడే వెడల్పున్న గాజు గొట్టం ఇస్తే దాంట్లోనూ సర్దుకుంటుంది. 1939లో జి.ఇ. మెక్‌గినిటీ దీని తిండి పద్ధతిని వివరంగా రాశాడు. ఇవాళ ఏ కాలేజీ ల్యాబులోనైనా ఆ దృశ్యాన్ని మళ్లీ చూడొచ్చు.

గాజులోంచి చూస్తే ఆ పురుగు ఒకే ప్రాణిలా అనిపించదు, మూడు నాలుగు యంత్రాలు కలిపి కుట్టినట్టుంటుంది. ఒంటి మధ్యలో, 14, 15, 16వ ఖండితాల (ఒంటి మీది ఉంగరాల్లాంటి భాగాల) దగ్గర మూడు పంకాలు. నిమిషానికి దాదాపు అరవైసార్లు ఊగుతూ గొట్టంలో నీటిని తోస్తుంటాయి. వాటికి ముందున్న రెక్కల్లాంటి రెండు భాగాలు శ్లేష్మంతో సన్నటి సంచి నేస్తాయి. నీరంతా ఆ సంచిలోంచే పోవాలి, అందులోని తిండి అక్కడే చిక్కుతుంది. సంచి వెనక కొసను ఒక చిన్న గిన్నెలాంటి అవయవం పట్టుకుని ఉండ చుడుతూ ఉంటుంది. ఉండ తగినంత అయ్యాక సంచిని తెంపి, ఆ ఉండను వీపు మీది గాడి వెంట నోటిదాకా పంపుతుంది. మళ్లీ కొత్త సంచి. పెద్ద రేణువు ఏదైనా వస్తే ముందే పసిగట్టి, సంచిని పక్కకు తప్పించి దాన్ని పోనిస్తుంది. ఆల్గే నీళ్లలో కాస్త రంగు కలిపితే సంచి నిండడం కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. ఈ దృశ్యం చూస్తూ ల్యాబు గంట అయిపోయిన సంగతి మర్చిపోయినవాళ్లను చూశాను.

ఒక ఇబ్బంది ఉంది. రోజులు గడిచేకొద్దీ పురుగు ఆ గాజుకు లోపలి వైపు తన సొంత పొర పూసుకుంటుంది, గాజు మసకబారుతుంది. దాన్ని తప్పుపట్టలేం, ఇల్లు దానిది. కాబట్టి పాఠానికి రెండు మూడు రోజుల ముందే గాజులోకి మార్చుకోవడం మంచిది. చీకట్లో కదిలిస్తే ఇది నీలం వెలుగు చిమ్మే శ్లేష్మం వదులుతుంది. అది సరదాగా ఉంటుంది కానీ, పురుగును మాటిమాటికీ కష్టపెట్టి చూపించాల్సిన వేడుక కాదు.

ఖరీదైన పరికరాలేవీ లేకుండా చేయగల ప్రయోగం నీడది. విచ్చుకున్న విసనకర్ర పురుగు మీద చెయ్యి నీడ పడేలా చేస్తే గభాలున లోపలికి పోతుంది. మళ్లీ బయటికి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. అలా ఒకే వ్యవధితో పదిహేను, ఇరవైసార్లు చేస్తే క్రమంగా స్పందన తగ్గుతుంది, నీడను పట్టించుకోవడం మానేస్తుంది. అప్పుడు గొట్టాన్ని చిన్నగా తట్టి చూడాలి. వెంటనే ముడుచుకుంటే అలసిపోలేదని, నీడకు మాత్రమే అలవాటు పడిందని తేలుతుంది. అలసటకూ అలవాటుకూ తేడా ఏమిటో ఇంత తేలిగ్గా చూపించే ప్రాణులు తక్కువ. ఇంత వేగంగా ముడుచుకోవడం వెనకున్నది బాగా లావైన నరపు తీగ. మిక్సికోలా అనే విసనకర్ర పురుగులో ఆ తీగ మిల్లీమీటరుదాకా ఉంటుంది, అందుకే నరాల్లో విద్యుత్ ఎలా పారుతుందో కొలిచేవాళ్లు దాన్ని వెతుక్కుని మరీ వాడారు.

పరిశోధనకు పెంచడం వేరు

చూపించడానికి నాలుగు పురుగులుంటే చాలు. పరిశోధనకు తరం తర్వాత తరం కావాలి, గుడ్డు నుంచి గుడ్డుదాకా మొత్తం చేతిలో ఉండాలి. ఈ పరీక్షలో నెగ్గిన గొట్టం పురుగులు కొన్నే.

ప్లాటినీరిస్ డ్యుమెరిలీ అందులో ఒకటి. జర్మనీలో కార్ల్ హౌవెన్‌షిల్డ్ 1950లలో మొదలుపెట్టిన పెంపకం నుంచి ఇది ఎన్నో ల్యాబులకు చేరింది. దీనికి పెద్ద ట్యాంకు అక్కర్లేదు. ప్లాస్టిక్ డబ్బాలో సముద్రపు నీళ్లు, 18 డిగ్రీల చలి, 16 గంటల వెలుతురు, తినడానికి తరిగిన పాలకూర. డబ్బా గోడకే పట్టులాంటి దారాలతో గొట్టం అల్లుకుంటుంది. కాకపోతే ఒక వింత కోరిక ఉంది: దీనికి వెన్నెల కావాలి. సముద్రంలో ఇది చంద్రుడి లెక్క ప్రకారం గుడ్లు వదులుతుంది. అందుకని ల్యాబులో నెలకు వారం రోజులు రాత్రిళ్లు సన్నటి దీపం వెలిగించి పౌర్ణమిని నటిస్తారు. ఆ బల్బు మాడిపోతే గుడ్ల లెక్కంతా తారుమారవుతుంది. వేళ రాగానే పురుగు రూపం మార్చుకుని, గొట్టం వదిలి ఈదుకుంటూ పైకొచ్చి, గుడ్లు వదిలి చచ్చిపోతుంది. గొట్టం ఖాళీ కావడం సంతోషించాల్సిన వార్త అయ్యేది దీని విషయంలోనే.

రెండోది హైడ్రాయిడెస్ ఎలిగాన్స్. ఓడల అడుగున సున్నపు గొట్టాలతో పేరుకుపోయి తలనొప్పి తెచ్చే పురుగు. ఐసోక్రైసిస్ మేతతో దీని డింభకాలు, అంటే ఈదుతూ తిరిగే పిల్లలు, సుమారు ఐదు రోజుల్లో స్థిరపడడానికి సిద్ధమవుతాయి. కానీ తళతళలాడే శుభ్రమైన గాజు పలక మీద దిగవు. బ్యాక్టీరియా పొర పట్టిన చోటే దిగుతాయి. హవాయిలో మైకేల్ హాడ్‌ఫీల్డ్ బృందం ఏళ్ల తరబడి ఈ ముడి విప్పింది. సూడోఆల్టెరోమోనాస్ లూటియోవయొలేసియా అనే బ్యాక్టీరియా తయారుచేసే, వైరస్ తోకల్లాంటి నిర్మాణాలు డింభకాన్ని పురుగుగా మారేలా చేస్తాయని 2014లో తేలింది. పెంచేవాడికి ఇందులో పాఠం సూటిగా ఉంది: డింభకాలు దిగే గిన్నెను తోమి మెరిపించకూడదు, కొన్ని రోజులు సముద్రపు నీళ్లలో నాననిచ్చి, చేతికి జారుడుగా తగిలేదాకా ఉంచాలి.

ఇంకో పురుగును జిగురు కోసం పెంచుతారు. ఫ్రాగ్మటోపోమా నీళ్లలోనే ఇసుక అతికిస్తుంది, ఆ జిగురు అర నిమిషంలోపే పట్టేస్తుంది. ఇసుకకు బదులు గాజుపూసలు ఇస్తే వాటితోనే ఇల్లు కడుతుంది. అలా కట్టించి తీసిన జిగురును చూసే యూటా విశ్వవిద్యాలయంలో రస్సెల్ స్టీవార్ట్ బృందం తడి ఎముకలను అతికించే పదార్థాల మీద పని చేసింది.

గొట్టం పురుగు అనగానే చాలామందికి గుర్తొచ్చే ఎర్రకుచ్చు రిఫ్టియా మాత్రం ఈ లెక్కల్లోకి రాదు. 1977లో గలాపగోస్ దగ్గర సముద్రగర్భపు వేడి ఊటల వద్ద కనిపించిన ఈ పురుగుకు నోరూ లేదు, పేగూ లేదు, ఒంట్లోని బ్యాక్టీరియానే దాన్ని పోషిస్తుంది. దాన్ని బతికించాలంటే రెండున్నర కిలోమీటర్ల లోతులోని ఒత్తిడి ఇచ్చే లోహపు పాత్రలూ, కొలిచి వదిలే హైడ్రోజన్ సల్ఫైడూ కావాలి. అది వేరే ప్రపంచం.

పారబోసే నీళ్లు

పెంచడం ఎంత జాగ్రత్తగా నేర్చుకుంటామో వదిలించుకోవడమూ అంతే జాగ్రత్తగా నేర్చుకోవాలి. దక్షిణాఫ్రికా నుంచి కాలిఫోర్నియాలోని అబలోన్ (తినడానికి పెంచే పెద్ద సముద్రపు నత్త) పెంపక కేంద్రాలకు తెచ్చిన గుల్లలతో పాటు టెరెబ్రాసబెల్లా అనే పురుగు వచ్చింది. అబలోన్ గుల్ల అంచున చేరి దాని పెరుగుదలను వికృతం చేసే ఈ సబెల్లిడ్, ఒక కేంద్రం నుంచి బయటికి వదిలిన నీళ్లతో పక్కనున్న ఒడ్డుకు పాకింది. దాన్ని వదిలించడానికి 1990లలో ఆ ఒడ్డు నుంచి, అది చేరగల నత్తలను సుమారు 16 లక్షలు చేతులతో ఏరాల్సి వచ్చింది. అందుకే వాడిన నీళ్లను బ్లీచ్ కలిపి కొన్ని గంటలుంచాకే డ్రైనేజీలో పోయాలి. పురుగులను సముద్రంలో వదిలి పుణ్యం కట్టుకుందామనే ఆలోచన అసలు పెట్టుకోకూడదు. డింభకం కంటికి కనపడదు, బకెట్ అంచున తడిలోనే ప్రయాణం చేయగలదు.

చచ్చిపోయిన పురుగు గొట్టాన్ని మాత్రం పారేయకండి. పురుగు ఎంత ఆక్సిజన్ వాడుతుందో, ఎంత ఆల్గే వడపోస్తుందో కొలిచేటప్పుడు, పురుగున్న సీసా పక్కన ఉత్త నీళ్ల సీసా పెట్టి పోల్చడం అందరూ చేసే పని. కానీ గొట్టం మీద పెరిగిన బ్యాక్టీరియా కూడా ఆక్సిజన్ పీలుస్తుంది, దాని జిగురుకు ఆల్గే కూడా అంటుకుంటుంది. ఆ ఖర్చునంతా పురుగు ఖాతాలో రాస్తే లెక్క తప్పుతుంది. లోపలి కళేబరం తీసేసి, కడిగి, కొన్నాళ్లు అదే ట్యాంకులో ఉంచిన ఖాళీ గొట్టంతో మూడో సీసా పెట్టాలి. నా ట్యాంకులో ఆ రోజు ఖాళీ అయిన నాలుగు గొట్టాలూ ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాయి.